థర్మోకోల్ చెక్‌పోస్టు

దేర్ సుమాక్,
2007 ఫిబ్రవరి 20

ఒరేయ్ హికమత్,

ఫోన్లో నీతో మాట్లాడటమూ గోడతో మాట్లాడటమూ ఒకటే. నేను పది మాటలంటే నువ్వొక "ఊఁ" పారేస్తావు. అందుకే ఉత్తరం. నర్సు ఇన్సాఫ్ గురువారం సరిహద్దు వంతెన దాటి మీ జోర్డాను వైపు వస్తోంది, ఆవిడ చేతికిస్తున్నాను. ఆరో క్లాసులో బడి ఎగ్గొట్టినవాడి రాత ఇది. తప్పులుంటే నవ్వుకో. పోయినసారిలాగా ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపావంటే నీకూ నాకూ చెడుతుంది.

ముందు అసలు వార్త. నేను సినిమాల్లో చేరాను. నవ్వకు. నాజరెత్ నుంచి తహానీ అని ఒక అమ్మాయి వచ్చింది, ముప్పై ఏళ్ళుంటాయి, మూతి మీద చిరునవ్వు పొరపాటున కూడా ఉండదు. మా ఊరి పక్కన సినిమా తీస్తోంది. మేస్త్రీ కావాలంటే నన్ను చూపించారు. టెల్ అవీవ్‌లో పదిహేనేళ్ళు గోడలకి ప్లాస్టరింగ్ చేశానని చెప్పాను. అబద్ధపు గోడలు కట్టగలవా బాబాయ్ అని అడిగింది. అమ్మా, నేను అబద్ధాన్ని గోడ లేకుండానే నిలబెడతాను, మా ఊళ్ళో ఎవర్నైనా అడుగు అన్నాను. అప్పుడు కూడా నవ్వలేదు. పని మాత్రం ఇచ్చింది.

కథ ఏంటని అడుగుతావు. నేనూ అడిగాను. ఒక ఊళ్ళో ఎవరికీ కలలు రావడం మానేస్తాయట. ఎందుకు మానేశాయి? కలలు రాత్రిపూట కొండ దిగి వస్తుంటే దారిలో చెక్‌పోస్టు పెట్టి ఆపేశారు. వాటికి అనుమతి కాగితాల్లేవు. అందుకని ఊరి జనం సంచులూ బకెట్లూ పట్టుకుని ఎవరి కల వాళ్ళు విడిపించుకోవడానికి వెళ్ళి వరసలో నిలబడతారు. ఒకడి కల సముద్రం, బకెట్లో పోసిస్తారు, ఇంటికొచ్చేసరికి సగం ఒలికిపోతుంది. ఒకావిడ కల ఆమె పెళ్ళిరోజు. తనిఖీలో పెళ్ళికొడుకుని తీసేసి మిగతాది ఇస్తారు. దీనికి అర్థమేంటి తల్లీ అన్నాను. అర్థం లేదు బాబాయ్, ఇదొక కల అంది. మాకిది మామూలు మంగళవారం అన్నాను. అది మాత్రం పుస్తకంలో రాసుకుంది.

ఇక ఆ చెక్‌పోస్టు కట్టింది ఎవరు? మీ నాయెఫ్. థర్మోకోల్ దిమ్మలు కోసి, సిమెంటు రంగు కొట్టి, మూలలు పగలగొట్టి, ఒకదాని మీద తుప్పు మరక కూడా పెట్టాను. ఒక్కో దిమ్మ రెండు వేళ్ళతో ఎత్తొచ్చు. పాత క్వారీ దారికి అడ్డంగా సాయంత్రం పేర్చి ఇంటికెళ్ళాను. తెల్లారి వచ్చి చూద్దును కదా, పద్నాలుగు మంది వరసలో నిలబడి ఉన్నారు. గుర్తింపు కార్డులు చేతిలో పట్టుకుని. సైనికుడు లేడు, తుపాకీ లేదు, గాడిద కూడా లేదు. దిమ్మలున్నాయి, అంతే. నిన్న లేనిచోట ఇవాళ చెక్‌పోస్టు పుట్టుకురావడం వాళ్ళకి కొత్తా? ఒకావిడ తనిఖీ కోసం పసివాడి చొక్కా పైకెత్తి పట్టుకుని ఎదురుచూస్తోంది. నేను దిమ్మని ఒంటిచేత్తో లేపి చూపించాను. వరస కదల్లేదు. ముందున్న ముసలాయన "తొందరపడకు బాబూ, వాళ్ళు పిలుస్తారు" అన్నాడు నాతో.

తహానీ అప్పుడు నవ్వింది. తర్వాత వ్యానులోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

టెల్ అవీవ్ పుణ్యమా అని నాకు సైనికుల భాష బాగా వచ్చు కాబట్టి సైనికుడి వేషం కూడా నాకే ఇచ్చింది. హెల్మెట్, నల్లకళ్ళద్దాలు, చెక్క తుపాకీ. ఆ తుపాకీ షాటుకి తప్ప వ్యానులోంచి బయటికి రాదు, నిజం సైనికులు చూస్తే కాల్చేస్తారు, ప్రాణాల మీద ఆశ ఉంది నాకు. నా పొట్టే కొంచెం యూనిఫాంలో ఇమడలేదు. షాటు లేనప్పుడు ఊరికే కూర్చోలేను కదా. నిన్న మాంసం కొట్టు నడిపే వదీగాణ్ణి ఆపి ఒంటికాలి మీద నిలబెట్టాను. ఐదు నిమిషాలు నిలబడ్డాడు, పాపం కుడికాలు నొప్పెడితే ఎడంకాలు మార్చుకుంటానని అనుమతి కూడా అడిగాడు. హెల్మెట్ తీసేసరికి నన్ను కత్తి పట్టుకుని క్వారీ దాకా తరిమాడు. ఊరంతా నవ్వింది. వాడు కూడా నవ్వాడు, సాయంత్రానికి.

మీ నాన్న సంగతి నీకు తెలిసిందేగా. లాయరు వంతెన దాటే అనుమతి సాధించాడు. ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత ఒకే ఒక్క రోజు, మార్చి 15, మధ్యాహ్నం పన్నెండులోపు వంతెన దగ్గరుండాలి. నువ్వా, తిరిగి రానిచ్చే కార్డు గడువు దాటాక రెండు నెలలకి కువైట్ నుంచి వచ్చి బయటే ఉండిపోయిన ఘనుడివి. ఆయనా, బయటికి కదలనివ్వని జాబితాలో ఉన్న మనిషి. ఊళ్ళో పిల్లాడికి సున్తీ చేసి, పెళ్ళికొడుక్కి గడ్డం గీసి బతికిన మంగలి వల్ల వాళ్ళకి ఏం ప్రమాదమో నాకైతే తెలీదు, కత్తెర ఉందనేమో. మొన్న మీ ఊరు బైత్ రుమ్మాన్ వెళ్ళాను. వీధంతా "అబూ హికమత్, అబూ హికమత్" అని పిలుస్తూ నవ్విస్తున్నారు. మనలో తండ్రిని పెద్దకొడుకు పేరుతో పిలవడం ఎంత మంచి ఏర్పాటురా. నువ్వు లేకపోయినా ఆ వీధిలో రోజుకి వందసార్లు నీ పేరు వినపడుతుంది.

కొత్త చొక్కా కొనుక్కో.

నాయెఫ్


జర్కా,
మార్చి 4

నాయెఫ్,

నీ ఉత్తరం నా భార్యకి చదివి వినిపించాను. వదీ ఒంటికాలి మీద నిలబడ్డచోట ఆమె నవ్వలేదు. అమ్మాన్‌లో పుట్టింది, ఆమెకి నీ హాస్యం అర్థం కాదు. నాకు అర్థమైంది కాని, నవ్వాక ఉత్తరం మడిచి పెట్టేశాను. పాత పద్ధతే, నువ్వు మారలేదు.

చొక్కా కొన్నాను. నాన్న కోసం మంచం కూడా చేయించాను, ఎత్తు తక్కువగా. ఆయనకి మోకాళ్ళు వంగవని అఫాఫక్క చెప్పింది. మా అమ్మాయి నూర్ తాతయ్య గదిలో గోడకి సముద్రం బొమ్మ అంటించింది. ఆయన సముద్రం ఎప్పుడూ చూడలేదని నేను చెబితే, అయితే ఇదే చూస్తాడులే అంది.

ఒక సంగతి రాయాలి. జనవరిలో నాన్న ఫోన్ చేసి, నేను వచ్చేదాకా జుట్టు కత్తిరించుకోకు అన్నాడు. వంతెన దగ్గర కత్తెర లాక్కుంటారు నాన్నా అన్నాను. మీ ఊళ్ళో కత్తెరలు అమ్మరా అన్నాడు. ఆయన చేతి కింద కూర్చుని ఇరవై ఒక్క ఏళ్ళు. జనవరి నుంచీ కత్తిరించలేదు. ఫ్రిజ్ బాగుచేయడానికి ఇళ్ళకి వెళితే ఆడవాళ్ళు తలుపు సగమే తెరుస్తున్నారు.

నీకొక పని అప్పగిస్తున్నాను. ఆయన కళ్ళకి పొర వచ్చింది, మనుషుల్ని గుర్తుపట్టడం లేదట. 15న పొద్దున్నే నువ్వు బైత్ రుమ్మాన్ వెళ్ళి దగ్గరుండి టాక్సీ ఎక్కించు. టాక్సీ ఎలాగూ మీ ఊరి పక్కనుంచే దిగాలి కదా. అక్క ఉంటుంది, కాని ఆమె ఏడుపుతో ఆయన్ని ఆలస్యం చేస్తుంది. నువ్వయితే నవ్వించి తోసేస్తావు.

ఇంకా పదకొండు రోజులు.

హికమత్


జర్కా,
మార్చి 19

నాయెఫ్,

నాన్న రాలేదు.

నేను పొద్దున ఏడింటికి వంతెన ఇవతల నిలబడ్డాను. బస్సు వచ్చినప్పుడల్లా దిగేవాళ్ళని చూశాను. ఒకసారి తెల్ల తలపాగాతో ఒక ముసలాయన దిగితే పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఆయన ఇంకెవరో. పాపం, కొడుకు కోసం వెతుక్కుంటున్నాడు, నన్ను చూసి కొంచెంసేపు ఆయనా పొరబడ్డాడు. ఆఖరి బస్సు ఖాళీగా వచ్చింది. డ్రైవరు దిగి, ఇంటికి వెళ్ళండి అన్నాడు.

ఆ రాత్రి అక్కకి ఫోన్ కలిసింది. మీ ఊరి దగ్గర క్వారీ మలుపులో దారి మూసేశారట. సైనికుడు కాగితం చేతిలోకి కూడా తీసుకోలేదట. డ్రైవరు కొండ మీది దారిన తిప్పి తీసుకెళ్ళాడు. అక్కడ వానకి బురద, బండి దిగబడింది. ఎలాగో లాక్కుని వంతెనకి చేరేసరికి ఒంటిగంటన్నర. తేదీ ఇవాళే, వేళ అయిపోయింది అన్నారట. తర్వాత నాన్న ఫోన్ తీసుకున్నాడు. జుట్టు ఎంత పెరిగింది అని అడిగాడు.

నువ్వు ఎక్కించడానికి రాలేదని అక్క చెప్పింది, కాని నువ్వు ఆ వైపే ఉంటావు కదా. ఆ రోజు నిజంగా అక్కడ మూశారా? ఎందుకో తెలుసా? లాయరు మళ్ళీ దరఖాస్తు పెట్టాలంటే, ఫలానా కారణం వల్ల రాలేకపోయాడని రాయాలట.

హికమత్


దేర్ సుమాక్,
మార్చి 31

హికమత్,

ఉత్తరం అందింది. ఏం రాయమంటావు. ఆ రోజు ఎన్ని దారులు మూశారో దేవుడికే తెలియాలి, ఆయన కూడా మూసిన దారుల్లోనే ఎక్కడో ఇరుక్కుని ఉంటాడు. దరఖాస్తులో "దారి మూసి ఉంది" అని రాస్తే చాలు. ఎవరు మూశారని ఎవరూ అడగరు, ఇన్నేళ్ళలో ఎప్పుడైనా అడిగారా?

నేను ఎక్కించడానికి వెళ్ళలేకపోయాను. పని పడింది. క్షమించు.

లాయరు దగ్గరికి నేనే తిరుగుతున్నాను. వాడి ఆఫీసులో కుర్చీకి మూడు కాళ్ళే ఉన్నాయి, వాడి వాదనలకీ అంతే. అయినా వదలను. ఈ వారం రెండుసార్లు మీ నాన్న దగ్గరికి వెళ్ళాను. బాగానే ఉన్నాడు. గ్యాసు బండ మార్చి వచ్చాను. జోకొకటి చెప్పబోయి మర్చిపోయాను.

నాయెఫ్


జర్కా,
ఏప్రిల్ 28

నాయెఫ్,

అక్క చెబుతోంది, నువ్వు వారానికి మూడుసార్లు వస్తున్నావట. బైత్ రుమ్మాన్‌కి నడిచి వస్తున్నావట, టాక్సీ ఎక్కకుండా. నాన్న కాళ్ళకి నూనె రాస్తున్నావట. ఊరందరికీ గడ్డాలు గీసిన మనిషికి నువ్వు గడ్డం గీస్తుంటే, తప్పుగా గీస్తున్నావని ఆయన తిడుతున్నాడట. నేనిక్కడ కూర్చుని ఉంటే నా వంతు పని నువ్వు చేస్తున్నావు. ఫోన్లో నాన్న, నాయెఫ్ నాకు రెండో కొడుకురా అన్నాడు. నాకు అసూయ కలిగింది. రాయకూడదేమో, కాని కలిగింది.

కొత్త తేదీ జూన్ 12 అని లాయరు చెప్పాడట. అదీ నీ పుణ్యమే.

ఒక్కటే అడుగుతాను. ఫిబ్రవరిలో నాలుగు పేజీల సినిమా రాశావు. ఆ తర్వాత సినిమా ఊసే లేదు. మానేశావా? ఆ అమ్మాయి నవ్వడం నేర్చుకుందా?

జుట్టు అలాగే ఉంచాను. జూన్ దాకా.

హికమత్


దేర్ సుమాక్,
మే 30

హికమత్,

అఫాఫక్క ఫోన్లో చెప్పినదానికి నేను కలిపేది పెద్దగా లేదు. పోయినవారం సోమవారం మధ్యాహ్నం నమాజు తర్వాత గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. పళ్ళెం జారింది. కాయలు ఏరుతున్నాడనుకుంది అక్క. అంతే. సాయంత్రంలోపే ఖననం చేశాం. నేల మెత్తగా ఉంది, అది చెప్పాలనిపించింది నీకు.

మూడు రోజులు పరామర్శ. చక్కెర లేని కాఫీ, ఖర్జూరాలు. గుమ్మం పక్కన మొదటి స్థానం పెద్దకొడుకుది. నువ్వు లేవు. పెద్దవాళ్ళు చుట్టూ చూసి, నాయెఫ్, నువ్వు నిలబడు అన్నారు. రెండో కొడుకునని ఆయన ఊరందరికీ చెప్పుకున్నాడట. నేను నిలబడ్డాను. మూడు రోజులు, వందలమంది, ఒక్కొక్కరూ నా చెయ్యి పట్టుకుని ఓర్చుకో నాయనా అన్నారు. నేను తలాడించాను. మూడోరోజు పొద్దున వదీ వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. నేను ఒంటికాలి మీద నిలబెట్టినవాడు. నేను పెరట్లోకి పారిపోయాను. ఆ స్థానంలో నిలబడకూడనివాడు ఆ ఊరు మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు.

ఇప్పుడు చదువు. కూర్చుని చదువు.

మార్చి 15న దారి మూసింది నేను.

బైత్ రుమ్మాన్ వెళ్ళాల్సినవాణ్ణి వెళ్ళలేదు. వారం రోజులు వాన పడి ఆ పొద్దున్నే వెలిసింది, షాటు తీసేయాలంది తహానీ. అఫాఫక్క ఎక్కిస్తుందిలే అనుకున్నాను. ఆయన ఏడింటికే దాటిపోయి ఉంటాడనుకున్నాను. అక్క ఏడుపు వల్ల ఆలస్యమైంది, నువ్వు ముందే రాశావు. ఎనిమిదిన్నరకి నేను హెల్మెట్ పెట్టుకుని నా థర్మోకోల్ దిమ్మల మధ్య నిలబడి ఉన్నాను. మలుపు దగ్గర బళ్ళని పక్కదారిన పంపాల్సినవాడు సిగరెట్టు కోసం వెళ్ళాడు. పసుపు టాక్సీ ఒకటి వచ్చి ఆగింది.

చెయ్యి ఊపి పంపేస్తే సరిపోయేది. నా దురద నీకు తెలుసు. వాళ్ళ భాషలో, "మూసేశాం, వెనక్కి" అన్నాను. వాదిస్తారనుకున్నాను. పెళ్ళిలో ముక్క చిన్నదైతే గంటసేపు వాదించే జాతి కదా మనది. ఒక్కడు నోరెత్తితే హెల్మెట్ తీసి, నేనేరా గాడిదల్లారా అందామని కాచుకున్నాను. ఏడుగురిలో ఒక్కడూ నోరెత్తలేదు. నడిమి సీటు కిటికీలోంచి ఒక చెయ్యి కాగితం పట్టుకుని బయటికొచ్చింది. లోపల్నుంచి ఎవరో ఏదో అన్నారు, ఇంజను రొదలో నాకు వినపడలేదు. నేను కాగితం తీసుకోలేదు. మొహం చూడలేదు. వాళ్ళు మన మొహాలు చూడరు కదా. వేషం బాగా కుదరాలని నేనూ చూడలేదు. ఆకాశం వంక చూస్తూ నిలబడ్డాను.

టాక్సీ వెనక్కి తిరిగింది. నేను నవ్వాను. తర్వాత పిలుద్దామని పరిగెత్తాను, ఆ బూట్లు నాకు రెండు సైజులు పెద్దవి. పది అడుగులు వేసేసరికి మలుపు తిరిగిపోయింది. పోనీలే, ఇంకో దారిన పోతారులే అనుకున్నాను. టీ తాగాను. నీ ఉత్తరం వచ్చేదాకా, ప్రమాణం చేసి చెబుతున్నాను, నాకు తెలీదు.

ఆ ఉత్తరం చదివి తహానీ దగ్గరికి పోయాను. ఆ రోజు కెమెరా తిరుగుతూనే ఉందట. చిన్న తెర మీద వేసి చూపించింది. నేను చూడని మొహం కెమెరా చూసింది. పదకొండు సెకన్లు. మీ నాన్న. మాట కూడా వినపడింది. ఆ మాట నేను రాయలేను. అది నా నోటితో చెప్పే అర్హత నాకు లేదు.

చెప్పాలని మూడుసార్లు ఆయన దగ్గర కూర్చున్నాను. గడ్డం గీస్తూ మొదలుపెట్టబోయి మళ్ళీ సబ్బు రాసేవాణ్ణి. ఒకసారి నేనే ఆ సైనికుడి ఊసెత్తాను. "చిన్న కుర్రాడురా, పాపం, చలిలో నిలబెట్టారు. మొహం పక్కకి తిప్పుకున్నాడు, సిగ్గుపడ్డాడేమో" అన్నాడు. నాకు నలభై ఏడేళ్ళు. ఆ కుర్రాడి మీద ఆయనకున్న జాలి తీసేయడానికి నాకు మనసొప్పలేదు. లేదా ధైర్యం చాలలేదు. రెండోదే రాసుకో.

జూన్ 12కి ఇంకా పదమూడు రోజులున్నాయి.

నువ్వు ఏమన్నా సరే. ఏమీ అనకపోయినా సరే.

నాయెఫ్


దేర్ సుమాక్,
అక్టోబర్ 10

హికమత్,

ఐదు నెలలుగా నీ నుంచి ఏమీ రాలేదు. నేను అడగను. ఇది నా కోసం రాసే ఉత్తరం కాదు.

తహానీ సినిమా అయిపోవచ్చింది. ఆ పదకొండు సెకన్లూ ఆమె దగ్గరున్నాయి. నేను కాల్చేయమన్నాను. ఆమె, ఇది నీదీ కాదు నాదీ కాదు బాబాయ్, కొడుకుది అంది. ఆయన ఉంచమంటే ఉంచుతాను, వద్దంటే నీ కళ్ళ ముందే చెరిపేస్తాను అంది. ఉంచితే, కథలో మీ నాన్న కూడా తన కలని విడిపించుకోవడానికి వచ్చినవాళ్ళలో ఒకడవుతాడు. పేరు వేయరు. ఆపినవాడిగా నేనుంటాను. నా పేరు వేయమన్నాను.

నువ్వు చెరిపేయమంటే మంచిదనే నాకు లోపల ఉంది. అది నా మొహం దాచుకోవడానికే అని కూడా తెలుసు. కాబట్టి నా మాట లెక్కలోకి తీసుకోకు.

ఫిబ్రవరిలో అమ్మాన్‌లో ఆడుతుందట.

నాయెఫ్


జర్కా,
అక్టోబర్ 26

నాయెఫ్,

నాన్న పోయిన నలభయ్యో రోజు దాటాక ఎవరో మంగలి దగ్గర జుట్టు కత్తిరించుకున్నాను. అతను మంచివాడే, ఊరికే మాట్లాడుతూ కత్తిరించాడు.

ఆ ముక్క ఉంచమను.

హికమత్


జర్కా,
2008 మార్చి 2

నాయెఫ్,

సినిమా చూశాను. మొదటిరోజు ఒక్కణ్ణే వెళ్ళాను. ఇంట్లో కంప్రెసర్ కొనడానికని చెప్పాను.

చాలాసేపు నాకేమీ అర్థం కాలేదు. బకెట్లో సముద్రం, ఒలకడం, అన్నీ నువ్వు రాసినట్టే ఉన్నాయి. పక్క సీటులో ఒకతను మాటిమాటికీ ఇదేంటి ఇదేంటి అని భార్యని అడుగుతున్నాడు. ఆమె, కల కదండీ, ఊరుకోండి అంది. ఆ తర్వాత నీ దిమ్మలొచ్చాయి. వాటి మధ్య నువ్వు. హెల్మెట్ ఒక పక్కకి ఒరిగి, పొట్ట మీద బొత్తాం ఊడి. హాలంతా నవ్వింది. నిన్ను చూడగానే నవ్వొస్తుందిరా, ఏం చేస్తారు. వాళ్ళు ఇంకా నవ్వుతూ ఉండగానే టాక్సీ వచ్చి ఆగింది.

నాన్న ముసలివాడైపోయాడు. నువ్వు అది రాయలేదు, అక్క చెప్పలేదు, నేను అడగలేదు. మోకాళ్ళు వంగవని తెలిసి కూడా, నేను వదిలొచ్చిన యాభై రెండేళ్ళ మనిషి కోసమే మంచం చేయించాను. చెంపలు లోపలికి పోయాయి. మీసానికి మాత్రం ఆ పొద్దున రంగు వేసుకున్నాడు, ఎడమవైపు కొంచెం ఎక్కువైంది. నా కోసమే వేసుకుని ఉంటాడు. చెయ్యి బయటికి చాపి, "నాయనా, అవతల మా హికమత్ నిలబడి ఉంటాడు" అన్నాడు. బతిమాలినట్టు కాదు. దుకాణంలో ఎవరికో ఊరికే చెబుతున్నట్టు. హాల్లో నవ్వు అప్పుడు ఆగింది.

అవును, నేను నిలబడే ఉన్నాను. ఆ వేళకి వంతెన దగ్గర రెండో బస్సు వచ్చింది.

సినిమాలో ఆయన తన కల కోసం వచ్చాడనే అందరూ అనుకుంటారు. ఆ అమ్మాయి ఏమీ మార్చలేదు, మాట కూడా చేర్చలేదు. బయటికొచ్చేటప్పుడు ఆ పక్క సీటు మనిషి భార్యతో, ఆ ముసలాయన నటుడు బాగా చేశాడు అన్నాడు. నేను ఆయన్ని ఆపి, అవును, బాగా చేశాడు అన్నాను. 

రెండోరోజు నూర్‌నీ వాళ్ళమ్మనీ తీసుకెళ్ళాను. నూర్‌కి ముందు చెప్పలేదు. తాతయ్య గొంతు ఫోన్లో విన్నదే కదా, మాట మొదలవగానే నా చెయ్యి పట్టుకుంది. ఇంటికొచ్చాక, ఆ సైనికుడెవరు నాన్నా అని అడిగింది. నా స్నేహితుడు అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే ఆశ్చర్యమేసింది. వెనక్కి తీసుకోలేదు. అంతమాత్రాన కోపం పోయిందని అనుకోకు. పోలేదు. ఐదు నెలల్లో నీకు నలభై ఉత్తరాలు రాశాను, అన్నిట్లోనూ బూతులే, ఒకటీ పంపలేదు. నువ్వు ఆయన కాళ్ళకి నూనె రాసిన చెయ్యీ, కాగితం తీసుకోని చెయ్యీ ఒకటే. నేను రెండిట్లో ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదలలేకపోతున్నాను.

అప్పట్నుంచీ రోజూ వెళుతున్నాను. టికెట్టు ఇచ్చేవాడు నన్ను గుర్తుపట్టి, ఇందులో అంత ఏముందండీ అన్నాడు. సినిమా అంటే ఒకసారి తీసింది తీసినట్టే ఉంటుందని నాకు తెలియదా, యంత్రాలతో బతికేవాణ్ణి. అయినా టాక్సీ మలుపు తిరగ్గానే ముందు సీటు అంచు పట్టుకుంటాను. నాన్న చెయ్యి బయటికొస్తుంది. నువ్వు ఆకాశం వంక చూస్తావు. ఒక్కసారి కిందికి చూడరా, ఆ మొహం చూడు, చూస్తే నువ్వే పక్కకి జరుగుతావు, అని నాలో నేను అంటూనే ఉంటాను.

రేపే ఇక్కడ ఆఖరి ఆట అట. టికెట్టు తీసుకున్నాను.

హికమత్